ప్రశాంతత ఎవరికి? నిర్మానుష్యం ఎవరికి?

గండిపేట, మంచిరేవుల, మోకిల, శంకర్‌పల్లి వైపు లేస్తున్న విల్లాల ప్రకటనలు ఏ ఆదివారం చూసినా ఒకటే పాట: నగరానికి దగ్గరగా, రణగొణ ధ్వనులకు దూరంగా, చెట్ల నీడలో ప్రశాంత జీవనం. అలాంటి రోడ్ల గురించి ఆడవాళ్ళకి జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ మాట మాయమవుతుంది. అప్పుడు దాని పేరు నిర్మానుష్య ప్రాంతం. రోడ్డు ఒకటే, చెట్లు ఒకటే, నిశ్శబ్దం ఒకటే. కారు అద్దాలు ఎత్తుకుని వెళ్ళేవాళ్ళకి అది కోట్లు పోసి కొనుక్కునే సుఖం. బస్సు దిగి నడిచి వెళ్ళే వంటామెకి, ఆయాకి, ముసలివాళ్ళని చూసుకునే నర్సుకి అది గుండె చిక్కబట్టుకుని దాటాల్సిన దూరం. ఈ తేడాని ప్రశ్నించకుండా స్త్రీల భద్రత గురించి ఎన్ని సభలు పెట్టుకున్నా ప్రయోజనం లేదు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, ఔటర్ రింగు రోడ్డు టోల్ ప్లాజా పక్కన ఒక యువ పశువైద్యురాలిని ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి చంపేశారు. ఆ వెంటనే మనకి దొరికిందేమిటి? సలహాలు. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పండి, జనం ఉన్నచోటే నిలబడండి అన్నారు పోలీసులు. ఆర్టీసీలో పనిచేసే ఆడవాళ్ళకి రాత్రి 8 తర్వాత డ్యూటీ వెయ్యొద్దన్నాడు అప్పటి ముఖ్యమంత్రి. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లినవాళ్ళూ ఉన్నారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన సంగతి 2022లో బయటికొచ్చింది. శివారు రోడ్ల మీద దీపాలు, బస్సులు, మనుషులు ఉండేలా చూడటం కన్నా తుపాకీ పేల్చటం, ఆడవాళ్ళని ఇంట్లో కూర్చోమనటం మన రాజ్యానికి తేలికయ్యాయి.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. పోరాడి నిలుపుకోవాల్సిన హక్కే అది. కానీ టికెట్టు లేకపోవటం ఎంత ముఖ్యమో బస్సు ఉండటం అంత ముఖ్యం కదా! బస్సు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోతే, కాలనీ గేటు దాకా ఉన్న ఆ చీకటి దూరానికి ఏ పథకమూ వర్తించదు.

ఆ దూరం నిర్మానుష్యంగా ఎందుకుంది? చెట్లున్నాయని కాదు, మనుషుల్ని తరిమేశారు కాబట్టి. టీ బడ్డీ ఉంటే అసహ్యం, ఇస్త్రీ బండి ఉంటే అడ్డం, పూలమ్మే ఆవిడ అరిస్తే అల్లరి. వాళ్ళందరినీ పంపేశాక మిగిలిన దానికి ప్రశాంతత అని పేరు పెట్టుకున్నారు. కానీ ఒంటరిగా నడిచే ఆడదానికి ఆ బడ్డీకొట్టు వెలుగూ, ఆ పూలమ్మి చూపూ ఏ సీసీ కెమెరా కన్నా పెద్ద అండ. కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది. మనిషి జరుగుతున్నప్పుడు కేకేస్తుంది.

గోడల లోపలి ఆడవాళ్ళయినా క్షేమమేనా? హింసకి గురైన స్త్రీలలో సాయం కోసం ఎవరినైనా అడిగినవాళ్ళు 14 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బస్తీలో కొట్టుకోవటం లేదని ఎవరూ అనరు. కానీ అక్కడ అరిస్తే పక్కింటికి వినపడుతుంది. విల్లాకీ విల్లాకీ మధ్య తోట ఉన్నచోట ఏడుపు తోటలోనే ఆగిపోతుంది. అక్కడి ఇల్లాలి ఒంటి మీద దెబ్బని మొదట చూసేది చాలాసార్లు పొద్దున్నే గిన్నెలు తోమడానికి వచ్చిన మనిషే. ఆ మనిషినే గేటు దగ్గర సంచీ దులిపి పంపిస్తారు.

ఆమెకే వేధింపు జరిగితే? 2013 చట్టం పని చేసే ఇంటిని కూడా పనిస్థలంగానే గుర్తించింది. ఇంటిపని చేసే స్త్రీ జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే కమిటీ 7 రోజుల్లో దాన్ని పోలీసులకి పంపాలి. కుక్కల్ని ఎక్కడ తిప్పాలో, పనివాళ్ళు ఏ లిఫ్టు ఎక్కాలో నోటీసు బోర్డులో రాసే అసోసియేషన్లు ఈ కమిటీ చిరునామా ఎందుకు రాయవు?

ప్రశాంతత కోరుకోవటం తప్పని మనం అనటం లేదు. ఇంటా బయటా చాకిరీతో అలిసిన ఆడదానికి చెట్టుకింద కాసేపు ఊరికే కూర్చునే హక్కు ఉంది. ఆ హక్కు స్థలం కొన్నవాళ్ళకే ఎందుకుండాలి? కష్టపడి సంపాదించి కొనుక్కున్నాం అంటారు. గండిపేట చుట్టూ పచ్చదనం మిగిలింది వాళ్ళు కొన్నందుకు కాదు. జంట జలాశయాల నీటిని కాపాడటానికి 1996లో 111వ జీవోతో 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టారు కాబట్టి. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షల్ని సడలించారు. పాతికేళ్ళు ఆ భారాన్ని మోసింది ఆ ఊళ్ళ రైతులు.

పొదలు కొట్టేస్తే భద్రత వస్తుందనేవాళ్ళ మాటా నమ్మొద్దు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చింది ఆడపిల్లల క్షేమం కోసం కాదు, భూమి ధర కోసం. అడ్డుపడ్డ విద్యార్థుల్లో ఆడపిల్లలూ ఉన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. మనకి అడవీ కావాలి, అందులోంచి నిర్భయంగా నడిచే దారీ కావాలి.

అందుకని స్త్రీల సంఘాలు ఈ కాలనీలకి జాగ్రత్తల కరపత్రాలు పట్టుకుని వెళ్ళటం మానేసి, డిమాండ్లు పట్టుకుని వెళ్ళాలి. తెల్లవారుజామునా రాత్రీ కాలనీ గేటు దాకా బస్సు రావాలి. గేటు బయటి రోడ్డుకీ దీపాలుండాలి. పనికొచ్చే స్త్రీలకి మరుగుదొడ్డి, కూర్చోడానికి చోటు ఇవ్వాలి. బడ్డీలనీ బండ్లనీ తరమకూడదు. స్థానిక కమిటీ చిరునామా, 181 నంబరు ప్రతి గేటు మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇల్లాలూ ఇంటిపని చేసే మనిషీ కలిసి అడిగితే ఏ అసోసియేషనూ కాదనలేదు. ఆ ఇద్దరినీ కలిపే పని మనది.