సురేన్ పట్టణపు నిశ్శబ్దము

పారిసు నగరమునకు పోవు భారతీయ యాత్రికుని కార్యక్రమము అతడు విమానమెక్కక పూర్వమే నిర్ణయమై యుండును. ఐఫెల్ గోపురము, లూవ్రు ప్రదర్శనశాల, సీన్ నదిలో పడవ విహారము, వీలున్నచో ఒక పూట వెర్సాయి రాజప్రాసాదము. ఇంతటితో ఫ్రాన్సు దేశమును చూచినట్లే యని తలచి తిరిగి వచ్చును. అతనిని తప్పుపట్టుటకు లేదు. దేశము దూరము, దినములు కొద్ది, వ్యయము అధికము. ఐనను నగరపు అంచున, నదికి ఆవలి యొడ్డున ప్రసిద్ధమైన గురుతులేవియు లేక ఒదిగియున్న చిన్న పట్టణముల మాట వచ్చినపుడు "అక్కడ చూడదగిన దేమున్నది?" అని త్రోసివేయుట మాత్రము విచారింపదగిన అలవాటు. సురేన్ అట్టి పట్టణము.

పారిసునకు పడమట బూలోన్ వనము కలదు. ఆ వనమును, దాని చివర నున్న లోంషాం గుఱ్ఱపు పందెముల మైదానమును దాటి వంతెన మీదుగా నదిని గడచినచో సురేన్ వచ్చును. జనసంఖ్య ఏబది వేలకు లోపు. వైశాల్యము నాలుగు చదరపు కిలోమీటరులైనను లేదు. పాత రైలు మార్గము మీద 1997లో నడుప నారంభించిన ట్రాము బండి ఊరి నడిమి నుండి పోవుచుండును. వీధులు నదియొడ్డు నుండి మోన్ వలేరియన్ గుట్ట మీదికి ఎగబ్రాకుచుండును. గుట్ట వాలున ఇంచుమించు ఒక హెక్టారు ద్రాక్షతోట యున్నది. ఒకప్పుడు పారిసు చుట్టును విస్తారముగా నుండిన తోటలలో మిగిలిన కొద్దిపాటి వానిలో అదియొకటి. ఆదివారము మధ్యాహ్నము ఆ వీధులలో నడచువానికి తన అడుగుల చప్పుడు తనకే వినబడును. కొందఱు దీనిని నిద్రించుచున్న ఊరందురు. ఆ మాట సరి కాదు. ఈ నిశ్శబ్దము ఊరికి ఊరక వచ్చినది కాదు. కొంత బుద్ధిపూర్వకముగా నిర్మింపబడినది, కొంత మిక్కిలి ఎక్కువ వెల యిచ్చి కొనబడినది.

మొదట నిర్మాణపు సంగతి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సురేన్ నిశ్శబ్దమైన ఊరు కానే కాదు. అది కర్మాగారముల ఊరు. ఫ్రాన్స్వా కోతీ పరిమళ ద్రవ్యములు ఇక్కడ తయారయ్యెడివి. 1909లో ఇంగ్లీషు చానలును విమానముపై దాటిన లూయీ బ్లెరియో తన విమానముల కర్మాగారమును ఇక్కడ నెలకొల్పెను. మోటారు కార్లు తయారగు చోట్లును ఉండెను. పనివారు వేలకొలదిగా వచ్చిరి. ఉండుటకు తగిన యిండ్లు లేవు. మహానగరము తనకు అక్కఱలేని పొగను, పనివారిని, రోగములను శివారునకు నెట్టుట అన్ని దేశములందును ఉన్న ఆచారమే. 1919 నుండి 1941 వఱకు ఈ పట్టణమునకు మేయరుగా నుండిన ఆన్రీ సెల్యే అను సోషలిస్టు నాయకుడు ఆ ఆచారమును అంగీకరింపలేదు.

సెల్యే పట్టుదలతో 1921లో ఇచట ఉద్యాననగర నిర్మాణ మారంభమైనది. అది 1956 వఱకు సాగినది. ఇంగ్లండులో ఎబెనీజర్ హోవర్డు ప్రచారము చేసిన ఉద్యాననగర భావమునకు ఇది ఫ్రెంచి రూపము. మూడు వేలకు పైగా నివాసములు కట్టబడినవి. ఎఱ్ఱని, లేతపసుపు ఇటుకల మేడలు, వాని నడుమ చెట్లు, తోటలు. అన్నిటికంటె గమనింపదగిన దేమనగా, ఇండ్లు కట్టి చేతులు దులుపుకొనలేదు. బడులు, స్నానశాలలు, వృద్ధుల నివాసము, ఒక నాటకశాల వానితోపాటు లేచినవి. వీధులకును చౌకములకును నానాజాతిసమితి వంటి సంస్థల కొఱకు, శాంతి కొఱకు పాటుపడినవారి పేర్లు పెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధపు గాయములింకను మానని రోజులలో చేసిన నామకరణమది. ఆ పేర్లు యుద్ధమును ఆపలేదన్న మాట నిజమే. కాని పిల్లవాడు బడికి పోవు దారికి సేనానాయకుని పేరు కాక శాంతివాది పేరు పెట్టిన మునిసిపాలిటీని పరిహసింపవలసిన పని లేదు.

ఊరికి కొంచెము ఎగువన, గుట్ట మీద, 1930ల నడుమ కట్టిన ఆరుబయటి పాఠశాల కలదు. క్షయవ్యాధి భయమున్న బలహీనులైన పిల్లల కొఱకు బోదువఁ, లోద్ అను ఇరువురు వాస్తుశిల్పులు దానిని కట్టిరి. తరగతి గదుల గాజుగోడలు మడిచివేయుటకు వీలైనవి. మడిచినచో గది తోటలో కలిసిపోవును. మెట్లెక్కలేని పిల్లలకై ఏటవాలు దారులు అమర్చిరి. సెల్యే 1936లో లియోఁ బ్లూమ్ ప్రభుత్వమున ప్రజారోగ్య మంత్రి యయ్యెను. 1941లో విషీ ప్రభుత్వము అతనిని మేయరు పదవి నుండి తొలగించెను. 1943లో, దేశము ఇంకను జర్మనుల చేతిలో నుండగనే, అతడు మరణించెను. అతడు కట్టించిన నాటకశాలలో 1951 నవంబరులో జాఁ విలార్ తన జాతీయ ప్రజానాటకశాల తొలి ప్రదర్శనములను ఇచ్చెను. జెరార్ ఫిలీప్ వంటి నటుడు ఆ వేదిక నెక్కెను. రాజధానిలో తప్ప దొరకదనుకొన్న నాటకము పనివారి పేట మెట్ల ముందునకు నడచి వచ్చినది. ఆ నాటకశాల నేడు విలార్ పేరనే పిలువబడుచున్నది. శివారు నగరము విసరివేసిన శేషము కాదని, దానికి తన సొంత జీవితముండవచ్చునని సెల్యే నమ్మెను. ఆ నమ్మకము ఇటుకలలో ఇప్పటికిని నిలిచియున్నది.

ఇక వెల యిచ్చిన సంగతి. మోన్ వలేరియన్ గుట్ట నూట అరువది మీటరుల ఎత్తు. పూర్వము అక్కడ మునివాటికలుండెను, భక్తులు యాత్రగా వచ్చెడివారు. 1840లలో రాజ్యము అక్కడ కోట కట్టినది. 1941 నుండి 1944 వఱకు ఆక్రమణ సైన్యము ఆ కోట ఆవరణమందలి చెట్ల నడుమ ఒక పల్లపు నేలలో వేయిమందికి పైగా ఖైదీలను కాల్చి చంపినది. నావికాధికారి దెస్తియెన్ దోర్వ్, పత్రికారచయిత గాబ్రియేల్ పెరి అక్కడనే నేలకొఱిగిరి. ఆర్మీనియా సంతతివాడగు కవి మిసాక్ మనుషియాన్, అతని దళమువారు కలిసి 22 మంది 1944 ఫిబ్రవరి 21న అక్కడనే హతులైరి. క్రింద ఊరిలో రొట్టెల దుకాణములు తెఱచుకొనుచుండగా పైన ఈ పని జరుగుచుండెను.

యుద్ధానంతరము ఆ స్థలమును ఎట్లు స్మరింపవలెనను విషయమున ఫ్రాన్సు తొట్రుపడినది. 1960 జూన్ 18న జనరల్ ద గాల్ కోటగోడకు ఆనించి కట్టిన మహాస్మారకమును ఆవిష్కరించెను. పలు యుద్ధరంగములలో మరణించిన యోధుల కళేబరములు అందులోని భూగృహమున ఉంచబడినవి. విమోచన సహచరులని గౌరవింపబడినవారిలో చివరివానికై ఖాళీగా ఉంచిన సమాధిలో 2021 నవంబరు 11న ఉబేర్ జెర్మెన్‌ను ఉంచిరి. ఇదంతయు ఘనముగా జరిగినది. కాని కొన్ని అడుగుల దూరమున, ఆ పల్లపు నేలలో కూలినవారి పేర్లన్నియు ఒక్కచోట చెక్కబడినది 2003లో మాత్రమే. శిల్పి పాస్కల్ కోన్వెర్ చేసిన కంచుగంటపై. మరణించినవారిలో కమ్యూనిస్టులు అధికులు. విదేశీయులును, యూదులును అనేకులు. అధికార స్మృతికి ఆ పేర్లు అంత సుఖముగా పలుకలేదనుట నిష్ఠురమైనను నిజము. మనుషియాన్‌కు పాంథియోన్ జాతీయ సమాధిమందిరమున చోటు దొరకుటకు 2024 ఫిబ్రవరి 21 వఱకు, సరిగా ఎనుబది సంవత్సరములు, పట్టినది.

ఈ గుట్ట దిగువనే తెలుగు దేశముతో ముడిపడిన ఒక యిల్లు కలదు. దాని పేరు ఫజల్ మంజిల్, అనగా అనుగ్రహ గృహము. బరోడాలో 1882లో జన్మించిన వైణికుడు, గాయకుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్ యౌవనమున హైదరాబాదు చేరి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ మెప్పును, తాన్‌సేన్ పేరిట బిరుదును పొందెను. అంతకంటె ముఖ్యము, తన గురువగు సయ్యద్ అబూ హాషిం మదనీ అతనికి దొరకినది హైదరాబాదులోనే. గురువు ఉపదేశించిన సూఫీ మార్గమును వెంటబెట్టుకొని, సంగీతము చేతబట్టుకొని, 1910లో అతడు పశ్చిమ దేశములకు బయలుదేఱెను. 1922లో హాలండు దేశపు శిష్యురాలొకతె సమకూర్చిన ఈ యింటిలో కుటుంబముతో స్థిరపడెను. హైదరాబాదు గల్లీలో వెలిగిన దీపము సురేన్ వీధిలోని గృహమున కాంతి నిచ్చిన వృత్తాంతము తెలుగు యాత్రికులలో ఎందఱికి తెలియును? 1927లో ఢిల్లీలో ఆయన మరణించునప్పటికి పెద్దకుమార్తె నూర్ వయస్సు పదుమూడేండ్లు.

నూర్ ఇనాయత్ ఖాన్ ఈ యింటిలోనే పెరిగినది. వీణ నేర్చినది, సోర్బొన్‌లో బాలల మనశ్శాస్త్రము చదివినది, పిల్లలకు కథలు వ్రాసినది. ఆ కథలు పారిసు దినపత్రిక ఫిగారో ఆదివారపు పుటలలో అచ్చైనవి. 1939లో ఆమె ఇంగ్లీషున వ్రాసిన ఇరువది జాతకకథల పుస్తకము వెలువడెను. జాతకకథలను అమరావతి శిల్పములలో చూచిన తెలుగువారికి ఆ పుస్తకము పరాయిది కాదు. అందులో వానరరాజు కథ యున్నది: తనవారు నది దాటుటకు తన శరీరమునే వంతెనగా చాచి, వారందఱును దాటిన పిదప ప్రాణము విడిచిన మహాకపి కథ.

1940లో జర్మనులు పారిసును సమీపింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలినది. అహింసను నమ్మిన ఇంటిలో పెరిగిన బిడ్డలు యుద్ధమున ఏమి చేయవలెను? సోదరుడు విలాయత్ తరువాత చెప్పినదానిని బట్టి, చంపవలసిన అవసరము లేనిదియు, చావునకు మిక్కిలి దగ్గరైనదియు నగు పనిని కోరుకొనవలెనని వారిరువురును నిశ్చయించుకొనిరి. నూర్ నిస్తంత్రీ వార్తలు పంపు విద్య నేర్చి, 1943 జూన్‌లో రహస్యముగా ఫ్రాన్సున దిగెను. కొద్ది దినములకే ఆమె దళము పట్టుబడినది. లండనునకు తిరిగి రమ్మన్నను రాక, పారిసు ప్రాంతమున మిగిలిన ఒకేయొక వార్తాప్రేషకురాలిగా చోటు మార్చుచు పనిచేసినది. చిన్ననాటి మిత్రులను వెదకుచు సురేన్‌కును వచ్చినది. అక్టోబరులో ఆమె పట్టుబడెను. మొదట ఆమెను బంధించినది ఫోష్ రాజవీథిలోని గృహమున. అది ఇదే బూలోన్ వనమునకు ఆవలి అంచున ఉన్నది. 1944 సెప్టెంబరు 13న దహౌ నిర్బంధ శిబిరమున ఆమెను కాల్చి చంపిరి. ముప్పది యేండ్లు నిండియుండెను. 1949లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు జార్జి క్రాస్ పతకమిచ్చెను.

జూలై 14 జాతీయోత్సవమున సైనిక వాద్యబృందము ఆ యింటి యెదుట ఆగి వాయించు ఆచారము ఒకటి ఏర్పడినది. ఆమె సైనికోద్యోగిని, ధైర్యమునకు వాద్యము తగిన మర్యాదయే యనవచ్చును. ఆ మాట త్రోసిపుచ్చరానిది. ఐనను వాద్యము ధైర్యమును మాత్రమే ఘోషించును. చంపను, కాని చచ్చుటకు వెఱవను అనుకొన్న ఆ మనస్సులోని ఘర్షణ దాని చప్పుడులో వినబడదు. 2013లో సురేన్ పురపాలకులు ఒక ప్రాథమిక పాఠశాలకు నూర్ ఇనాయత్ ఖాన్ పేరు పెట్టిరి. పిల్లలకు కథలు వ్రాసిన స్త్రీకి ఇంతకంటె సరిపడిన స్మారకము మఱియొకటి ఊహింపరాదు. కంచుగంట ఆలస్యముగా చేసిన పనిని, మహాస్మారకము పూర్తిగా చేయలేని పనిని ఈ బడి చిన్నతనముననే చేయుచున్నది. పరదేశీయుని కుమార్తె పేరు ఫ్రెంచి బాలుని నోట తన బడి పేరుగా నలుగుచున్నది. సెల్యే కట్టిన బడుల ఊరికి ఇది వంశాచారమువంటిది.

పోదలచిన యాత్రికుడు కొన్ని సంగతులు తెలిసికొని పోవుట మేలు. కోటలోని ఆ పల్లపు నేలను ఎవరికి వారుగా చూడ వీలులేదు. నియమిత సమయములలో మార్గదర్శకులు తోడ్కొనిపోవుదురు. ఫజల్ మంజిల్‌ను వీధి నుండి చూచి, గోడపై ఫలకమును చదువుకొనవచ్చును. ట్రాము స్టేషను ప్రక్కన పట్టణ చరిత్రను, పనివారి జీవితమును చూపు ప్రదర్శనశాల యున్నది. దానితో ఆరంభించినచో ఉద్యాననగరము చక్కగా బోధపడును. గుట్టకు కాలినడకనే పోవలెను, ద్రాక్షతోట ప్రక్కనుండి. పైనుండి పారిసు అంతయు కనబడును, ఐఫెల్ గోపురముతో సహా. ఆ దూరమున అది కంచరి దుకాణమున వ్రేలాడదీసిన చిన్న వస్తువువలె నుండును.