వానతో సాగే తూనీగ

వాన వెలిసిన సాయంత్రం మైదానాల మీద గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగకు 1798లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు నామకరణం చేశాడు. నేటి శాస్త్రనామం పాంటాలా ఫ్లావెసెన్స్. దేహం పొడవు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు.

నిండు చెరువుల కంటే నిన్నమొన్నటి వాననీటి మడుగే దీనికి ప్రీతి. అక్కడ చేపల బెడద తక్కువ. ఎండిపోయే భయమే ఎక్కువ. అందుచేత డింభకం ఆగదు. ముడిచి దాచుకొన్న కింది పెదవిని చటుక్కున చాచి దోమపిల్లలను, ఒక్కొక్కప్పుడు కప్పపిల్లలను సైతం ఒడిసిపట్టి భక్షిస్తూ, ఆరేడు వారాలలో, అనుకూలిస్తే ఇంకా ముందే, రెక్కలు తొడుగుతుంది. నీరు ముందుగా ఇంకిందా, దాని కథ బురదలోనే ముగుస్తుంది.

ఏటా అక్టోబరులో మాల్దీవులలో ఈ తూనీగలు అసంఖ్యాకంగా కనిపిస్తాయి. అక్కడ మంచినీటి మడుగులే అరుదు; మరి ఎక్కడివి? ఆ దీవులలో నివసించిన సముద్రజీవ శాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో సమాధానం ప్రతిపాదించాడు: అవి భారతదేశం నుండి ఎత్తుగాలుల మీద తేలుతూ, సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వానలకు పోతున్నాయి. రెక్కలలోని హైడ్రోజన్‌ను పరీక్షించినవారు, మాల్దీవులకు వచ్చినవి ఉత్తర భారతంలోనో, ఇంకా ఎగువనో పుట్టినవని 2012లో వెల్లడించారు. వెడల్పైన వెనుక రెక్కలే వాటి తెరచాపలు.

నైరుతి గాలులతో తిరిగి వచ్చేవి మాత్రం అవి కావు, వాటి సంతతి.