పుస్తకం తీసేయొద్దని అడుగుదాం, శనివారం రండి

మన బడిలో పిల్లల్ని చదివిస్తున్న తల్లులకు, తండ్రులకు,

వచ్చే జూన్ నుంచి ఆరు మొదలు తొమ్మిదో తరగతి వరకు అచ్చు పుస్తకాలు ఉండవని, పాఠాలన్నీ ట్యాబులోనే ఉంటాయని బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. దాని మీద మాట్లాడుకుందామని తల్లిదండ్రుల సంఘం తరఫున పోయిన ఆదివారం అందరినీ పిలిచాను. రెండు బెంచీలు కూడా నిండలేదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం సర్క్యులర్ కింద చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఇవ్వకపోతే అందరం ఒప్పుకున్నట్టే లెక్క. సంఘం కార్యదర్శిగా ఉండి, ఆ ఒప్పుకోలు నా చేతుల మీదుగా జరిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక సెక్షన్‌కు ఈ పద్ధతి ముందే పెట్టి చూశారు. ఆ సెక్షన్‌లో ఒక అమ్మాయికి జరిగింది మీలో చాలామందికి తెలుసు. వాళ్ళ మిరపకాయలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి, డబ్బు చేతికి రాలేదు, మూడో టర్మ్ ఫీజు ఆలస్యమైంది. సాంఘిక శాస్త్రం పరీక్షకు ముందు రోజు సాయంత్రం ఆ పిల్ల ట్యాబు తెరిస్తే పాఠాలు లాక్ అయి ఉన్నాయి. ఫీజు కట్టని పిల్లల్ని ఇదివరకు బయట నిలబెట్టేవాళ్ళు. అదీ అన్యాయమే. కానీ ఇంట్లో ఉన్న పుస్తకాన్ని ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు. ఇప్పుడు గుమ్మంలోకి ఎవరూ రాకుండానే పాఠం పోయింది. పక్క వీధిలో వేరే సెక్షన్ స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, ఆమె పుస్తకం ముందు పెట్టుకుని రాసుకుని పరీక్షకు వెళ్ళింది. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతిలో ఏ సెక్షన్ పిల్ల ఇంట్లోనూ పుస్తకం ఉండదు. అప్పుడు ఎవరింటికి వెళ్ళాలి?

లోకమంతా అటే పోతోంది, మన పిల్లలు వెనకబడతారు అని కొందరు నాతో గట్టిగానే వాదించారు. లోకం ఎటు పోతోందో చూద్దాం. బళ్ళలోకి కంప్యూటర్లను అందరికంటే ముందు తెచ్చిన దేశాల్లో స్వీడన్ ఒకటి. అక్కడ నాలుగో తరగతి పిల్లల చదివే శక్తిని కొలిచే అంతర్జాతీయ పరీక్షలో 2016లో 555 వచ్చిన సగటు 2021కి 544కి పడింది. కరోనా కూడా ఆ మధ్యనే వచ్చింది, కాదనను. అయినా అక్కడి ప్రభుత్వం 2023లో పాఠ్యపుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించి, పిల్లల చేతికి మళ్ళీ పుస్తకం ఇవ్వడం మొదలుపెట్టింది. దక్షిణ కొరియా 2025 మార్చిలో కృత్రిమ మేధతో నడిచే డిజిటల్ పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఆగస్టు కల్లా వాటికి పాఠ్యపుస్తకం హోదా తీసేసి, అదనపు సామగ్రి కింద మార్చింది. దానికి ముందే, ఇది ఆపండి అంటూ అక్కడ 50 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. మనకు ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు కూర్చునే తీరిక దొరకలేదు.

స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు కలిసి 2018లో 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్ళు లక్షా 70 వేల మందికి పైనే. ఒకే విషయాన్ని తెర మీద చదివినవాళ్ళ కంటే కాగితం మీద చదివినవాళ్ళకు బాగా అర్థమైంది. సమయం తక్కువ ఉన్నప్పుడు, సమాచారంతో నిండిన పాఠాలు చదివేటప్పుడు ఆ తేడా ఇంకా స్పష్టం. పరీక్ష ముందు రాత్రి మన పిల్లలు చేసేది సరిగ్గా అదే చదువు.

ట్యాబు అసలే వద్దని నేను అనడం లేదు. గుండె కొట్టుకోవడం వీడియోలో చూసిన పిల్లకు అది బొమ్మ కంటే బాగా ఎక్కుతుంది. సర్కారు పెట్టిన ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష 2017 నుంచి ఉంది, అందులో పాఠాలు ఉచితం. సర్కారు పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంబంధించిన వీడియోలు వస్తాయి. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు కూడా పుస్తకాన్ని తీసేయలేదు, పక్కన ట్యాబును చేర్చారు. వాటిలో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అచ్చేసిన ప్రెస్సు మూతపడినా పుస్తకంలో పాఠం చెరిగిపోదు. కంపెనీ సర్వర్ మీద బతికే పాఠానికి ఆ భరోసా ఎవరిస్తారు?

ఇక ఖర్చు. అక్క పుస్తకాలు చెల్లి చదువుతుంది. ఆ తర్వాత ఎదురింటి పిల్లాడికి సగం ధరకు పోతాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో, హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాలు కొని చదివి పైకొచ్చినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఎనిమిదో తరగతి దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒక్కోటి 65 రూపాయలు. సర్క్యులర్ రెండో పేజీ చదివారా? ట్యాబు పాఠాల ప్యాకేజీ గడువు ఏప్రిల్ 30తో అయిపోతుంది. మరుసటి ఏడాది మళ్ళీ కట్టాలి, ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ కట్టాలి. చెల్లికి అక్క దగ్గర నుంచి వచ్చేది ఏమీ ఉండదు. చప్పట్ల బొమ్మలు పెట్టినవాళ్ళు ఆ పేజీ తిప్పలేదని నాకు గట్టి నమ్మకం.

బ్యాగు బరువు నిజమైన బాధే. పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదని 2020 స్కూల్ బ్యాగ్ విధానం చెప్పింది. దానికి బడిలో అరలు కట్టించమందాం, రోజుకు నాలుగు సబ్జెక్టులతో టైమ్‌టేబుల్ వేయమందాం. రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని సెమిస్టర్ల వారీగా విడగొట్టి అచ్చేయించినట్టే మన బడీ చేయొచ్చు. బరువు తగ్గించమంటే పుస్తకమే లేకుండా చేయడం ఏం పరిష్కారం?

అర్జీ రాసి ఉంచాను. అచ్చు పుస్తకం ప్రతి పిల్లకూ ఉండాలి, ట్యాబు దానికి తోడుగా మాత్రమే ఉండాలి. ప్యాకేజీ కొనాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదలాలి. ఫీజు బాకీ ఉందని ఏ పిల్లకూ పాఠం లాక్ చేయకూడదు. ఈ చివరి మాట ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కోసం రాశాను. ఆ పరీక్ష ముందు రాత్రి మీ ఇంటి పిల్లకు వచ్చి ఉంటే మీరు గ్రూపులో బొమ్మ పెట్టి ఊరుకునేవారా?

శనివారం సాయంత్రం ఆరు గంటలకు బడి ఎదురుగా ఉన్న కల్యాణ మండపంలో కూర్చుంటున్నాం. మిర్చి యార్డుకు వెళ్ళాల్సినవాళ్ళు ఇంట్లో ఇంకొకరిని పంపండి. అమ్మమ్మా తాతయ్యల దగ్గర ఉండి చదివే పిల్లలకు ఆ పెద్దవాళ్ళు వచ్చినా చాలు. రాలేనివాళ్ళు శుక్రవారం లోపు మా ఇంటికి వచ్చి సంతకం పెట్టండి. సోమవారం పొద్దున అర్జీ ఇచ్చేస్తాం. మీ సంతకం అందులో ఉండాలి.