తలుపు తెరవక ముందే ఎవరి పని వారికి



ఈ వారం ఒక ఆట గురించి రాస్తున్నాను. "అయ్యగారు తుపాకుల ఆట గురించి రాయడమేమిటి?" అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కొంచెం ఓపికతో చదవండి. మన పిల్లలు కొందరు చెన్నైలో హాస్టళ్లలో ఉన్నారు, కొందరు శ్రీసిటీలో షిఫ్టులు చేస్తున్నారు. సెలవు రాత్రి వస్తే తలా ఒక చోట కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ఐదుగురూ కలిసి ఒకే ఆట ఆడుతున్నారు. వాళ్లు అక్కడ ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారో మనకు పట్టాలి కదా.

ఆ ఆట పేరు రెడీ ఆర్ నాట్. వాయిడ్ ఇంటరాక్టివ్ అనే సంస్థ తయారు చేసింది. పూర్తి రూపంలో 2023 డిసెంబరులో వచ్చింది. 2005లో వచ్చిన స్వాట్ 4 దీనికి అన్న లాంటిది. మొదటే చెబుతున్నాను, ఇది పెద్దవాళ్ల కోసం చేసిన ఆట. అందులో కనిపించే నేరాలు, రక్తం బడికి వెళ్లే పిల్లలు చూడదగినవి కావు. తల్లిదండ్రులారా, ఆ విషయంలో మెత్తబడవద్దు.

ఇందులో ఆడేవారు పోలీసులు. ఆయుధాలు పట్టినవాళ్లు దాక్కున్న ఇంట్లోకి, అమాయకులు చిక్కుకున్న భవనంలోకి ఐదుగురి జట్టు వెళ్లాలి. మన రాష్ట్రంలో 2007లో ఏర్పాటైన ఆక్టోపస్ దళం సాధన చేసే పని ఇలాంటిదే. చాలా తుపాకీ ఆటల్లో ఎంతమందిని చంపితే అంత గొప్ప. ఇక్కడ అలా కాదు. ముందు "చేతులెత్తు" అని హెచ్చరించాలి. అవసరం లేకుండా కాలిస్తే మార్కులు పోతాయి. నేరస్థులందరినీ ప్రాణాలతో పట్టుకున్న జట్టుకే అన్నిటికంటే పై మెట్టు దక్కుతుంది.

ఇక అసలు సంగతి. ఈ ఆట ఎవరికీ పని పంచిపెట్టదు. ఒకరు డాలు తీసుకోవచ్చు. ఒకరు తలుపు పగలగొట్టే బరువైన ఇనుప దిమ్మె తీసుకోవచ్చు. ఒకరు తలుపు కింది సందులోంచి లోపలికి చూసే కెమెరా కర్ర తీసుకోవచ్చు. ఒకరు తగిలితే పడిపోతారు గానీ చావరు అన్న రకం గుండ్లు కొట్టే తుపాకీ తీసుకోవచ్చు. ఒకరు తలుపులు తెరుచుకోకుండా కింద దోపే ముక్కలు తీసుకోవచ్చు. ఎవరు ఏది తీసుకోవాలో ఆ ఐదుగురే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే ఐదుగురూ పెద్ద తుపాకులే పట్టుకొని, ఐదుగురూ ఒకే గదిలోకి దూరతారు. పక్క తలుపు ఎవరూ చూడరు. ప్రాణం అక్కడే పోతుంది.

ప్రియులారా, పని పంచే విధానంలోనే మనుషుల మనసు బయటపడుతుంది. నా అభిప్రాయం నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది: చేతి దురద ఉన్నవాడిని ముందు పెట్టవద్దు. సాధారణంగా ఎవరి చేయి వేగమో, ఎవరి గొంతు పెద్దదో వాడే ముందు నడుస్తాడు. అది తప్పు పద్ధతి. ఈ ఆటలో పని ప్రాణం కాపాడటం. కాబట్టి ముందు డాలు పట్టినవాడు నడవాలి. అతని భుజం పక్కన చంపని తుపాకీ పట్టినవాడు ఉండాలి. చంపగల తుపాకీ వారి వెనుక కాపుగా ఉండాలి, మరో దారి లేనప్పుడే మాట్లాడాలి. నిజమైన పోలీసు దళాలు కూడా చంపని ఆయుధం వాడేటప్పుడు వెనుక అలాంటి కాపు పెట్టుకుంటాయి. అరక్షణం ఆగి "లొంగిపో" అని రెండోసారి చెప్పగలిగే ఓపిక ఎవరికి ఉందో వారికే ముందు స్థానం ఇవ్వండి.

రెండవది: వెనుక ఉన్నవాడిని చిన్నచూపు చూడవద్దు. "నువ్వు వెనక ఉండరా" అనే మాట మన జట్లలో తిట్టు లాగా వాడుతున్నారు. సరిగా ఆడటం రానివాడికి, నెట్ నెమ్మదిగా ఉన్నవాడికి, మాట తక్కువ వాడికి ఆ చోటు పడేస్తున్నారు. అయితే వెనుక ఉన్నవాడు తలుపు కింద ముక్క దోపకపోతే, ముందున్న నలుగురి వీపులకు దిక్కెవరు? చేతులు కట్టి ఉన్న మనుషులను ఒక్కొక్కరినీ లెక్కగా చెప్పకపోతే పని ముగిసినట్టే కాదు.

మనకు ఎదురుగానే పులికాట్ అవతల శ్రీహరికోట ఉంది. 2010లో క్రిస్మస్ రోజు సాయంత్రం జీఎస్ఎల్‌వీ రాకెట్టు లేచిన నిమిషానికే దారి తప్పింది. అది ఎక్కడ పడితే అక్కడ పడకుండా, దాన్ని సముద్రం మీదే పేల్చివేసే ఆదేశం అక్కడి భద్రతాధికారి ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నవారి పని ఎప్పుడూ అవసరం పడకూడదనే అందరూ కోరుకుంటారు. అవసరం పడిన రోజున మాత్రం ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. రాకెట్టు పైకి వెళితే చప్పట్లు మరొకరికి. అయినా ప్రతి ప్రయోగానికీ ఆ కుర్చీ ఉంటుంది.

దావీదు జీవితం గుర్తు చేసుకోండి. మొదటి సమూయేలు ముప్పయ్యవ అధ్యాయం తీసి చదవండి. అమాలేకీయులు సిక్లగును తగలబెట్టి భార్యాబిడ్డలను చెరపట్టుకుపోయారు. దావీదు ఆరువందల మందితో బయలుదేరాడు. బెసోరు వాగు దగ్గర రెండువందల మంది అలసిపోయి ఆగిపోయారు, సామాను దగ్గర ఉండిపోయారు. నాలుగువందల మంది వెళ్లి అందరినీ విడిపించి తెచ్చారు. అప్పుడు కొందరు, ఆగిపోయినవారికి సొమ్ములో వాటా ఇవ్వం అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికి ఎంతో, సామాను కాచినవాడికీ అంతే అని తీర్పు చెప్పి, దానిని కట్టడగా నిలబెట్టాడు. గమనించండి, ఆ రెండువందల మంది నిజంగానే అలసినవారు, బలహీనులే. వాటా తగ్గలేదు.

మూడవది: పనులు మారుతూ ఉండాలి. దీనికి దూరం వెళ్లనక్కరలేదు. పులికాట్‌లో చేపలు పట్టేవారిలో పాత కాలం నుంచి "పాడు" అనే పద్ధతి ఉంది. వల వేసే మంచి చోటు ఒకరికే శాశ్వతంగా ఉండిపోకుండా వంతుల వారీగా తిరుగుతుంది. ఈ రోజు బాగా పడే చోటు నీకు, రేపు నాకు. బలమున్నవాడు మంచి చోటు పట్టుకొని కూర్చుంటే ఊళ్లో పొయ్యిలు వెలగవని మన పూర్వికులకు తెలుసు. ఆటలోనూ అంతే. కష్టమైన రాత్రి ఎవరికి ఏ పని బాగా వస్తే అది ఇవ్వండి. మామూలు రాత్రి పాడు తిప్పండి. ఎప్పుడూ వెనుక ఉండే తమ్ముడికి ఒకసారి డాలు ఇవ్వండి. ఎప్పుడూ ముందు నడిచే అన్నయ్య ఒకసారి తలుపుల కింద ముక్కలు దోపాలి. అప్పుడు తెలుస్తుంది, ఆ చోటులో ఎంత భయం ఉందో, ఎంత జాగ్రత్త కావాలో.

నాలుగవది: పేరు పెట్టి, ముందే చెప్పండి. "ఎవరో ఒకరు చూసుకుంటార్లే" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. తలుపు తెరిచాక అరుచుకుంటే నలుగురి మాటల్లో ఎవరి మాటా వినపడదు. జట్టుకు ఒక్క గొంతు ఉండాలి. ఆ గొంతు ఆగిపోతే తరువాత ఎవరిదో కూడా ముందే అనుకోవాలి. నాయకుడు ఇచ్చే పనిలో కారణం కూడా ఉండాలి. "వెనక ఉండు" అని ఆపేస్తే అది తోసివేయడం. "నువ్వు తొందరపడవు, అందుకే మా వీపులు నీకు అప్పగిస్తున్నాం" అంటే అది నమ్మకం. పని ఒక్కటే, చెప్పిన తీరు వేరు.

ఇది ఆటతో ఆగే సంగతి కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ప్రేమవిందు రోజున మైకు పట్టుకోవడానికి పదిమంది ఉంటారు. గిన్నెలు కడగడానికి ఆ ఇద్దరు అక్కలే ఉంటారు. గిటారు వాయించే తమ్ముడి పేరు అందరికీ తెలుసు. వానలో తడుస్తూ జనరేటర్ దగ్గర నిలబడిన తమ్ముడి పేరు ఎవరూ పలకరు. ఒక శరీరానికి అనేక అవయవాలని కొరింథీయులకు పౌలు రాసిన భాగం మీద ఎన్నోసార్లు ధ్యానించాం. అయినా కాలికి కన్నుకిచ్చే గౌరవం ఇవ్వం. యువకులు సంఘానికి రావడం మానేసినప్పుడు లోకం లాగేసిందని తేలికగా అంటాం. కొందరిని లోకం లాగలేదు. వారికి ఇక్కడ ఒక పని, ఆ పనికి ఒక విలువ దొరకలేదు, అంతే. అలాంటివాడు గొడవ చేసి వెళ్లడు. ఒక ఆదివారం రాడు, రెండో ఆదివారం రాడు, మనం లెక్క చూసుకునేసరికి ఏడాది గడిచిపోతుంది.

కాబట్టి తమ్ముళ్లారా, ఈ శనివారం రాత్రి మీరు ఆడితే ఆడండి, తెల్లారేదాకా మాత్రం వద్దు. మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఆగి, పేరు పేరునా పని చెప్పుకోండి. ముగిశాక వెనుక కాచినవాడికి ముందుగా కృతజ్ఞత చెప్పండి. అదే అలవాటుతో ఆదివారం మందిరానికి రండి. సంఘ పెద్దలారా, మీరు కూడా వచ్చే నెల పనుల పట్టిక రాసేటప్పుడు, ఇంతవరకు ఏ పట్టికలోనూ పేరు లేని ఇద్దరి పేర్లు వెతికి రాయండి.

మన మధ్య సామాను కాచే ప్రతి ఒక్కరినీ గుర్తించి గౌరవించే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.