ఆగి ఉన్న 108 పక్కనుంచి మనం ఎలా పోతున్నాం?



పోస్టు కొంచెం పొడుగే. సంత నుంచి వచ్చేటప్పుడు జీపులో కూర్చొని అయినా చదవండి. బండి నడుపుతూ మాత్రం వద్దు.

మొన్న సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి మేం నలుగురం ఊళ్లకి బయల్దేరాం. పాడేరు ఘాట్ ఎక్కేసరికే చీకటి పడింది, మంచు కూడా దిగిపోయింది. ఒక మలుపు తిరగ్గానే ఎదర లైటు తిరుగుతూ కనిపించింది. 108 బండి ఎడం పక్కన ఆగి ఉంది. పైనున్న ఊరి నుంచి నెలలు నిండిన అక్కని డోలీలో దించారు. డోలీ కర్ర ఇంకా మోసినోళ్ల భుజం మీదే ఉంది. బండి వెనక తలుపులు తీసి ఈఎంటీ అన్న స్ట్రెచర్ కిందకి లాగుతున్నాడు.

మా జీపు ఆగలేదు. హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూరిపోదామని చూశాడు డ్రైవరు మావ. అదే టైంకి పైనుంచి టూరిస్టు కారు ఒకటి హైబీమ్ వేసుకొని దిగింది. సందు లేదు. మా జీపు ఎడమకి కోసింది, అంటే స్ట్రెచర్ ఉన్న వైపే. ఆ అన్న వెనక్కి గెంతాడు కాబట్టి సరిపోయింది. మధ్యలో జానెడు జాగా ఉందేమో, అంతే.

జీపులో అందరం "అయ్యో" అన్నాం. రెండు మలుపులు దాటాక ఎవరో పాట పెట్టారు. మేం కూడా ఏమీ అనలేదు. మమ్మల్ని ఇప్పటికీ తినేస్తున్నది అదే. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఊళ్లో చదువుకున్నోళ్లని పేరు. "మావా, కాస్త ఆపు" అని ఒక్క మాట అడగడానికి నలుగురిలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆ అక్కకి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని తర్వాత తెలిసింది.

సైరన్ మోగిస్తూ వచ్చే అంబులెన్స్‌కి మనోళ్లు దారి ఇస్తారు. అది అలవాటైంది. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది, అంటే మా వయసోళ్లం దాంతోపాటే పెరిగాం. కానీ అదే బండి ఆగి ఉంటే మన కళ్లకి అది అడ్డం పెట్టిన బండిలాగే కనిపిస్తది. చట్టం కూడా కొంత అలాగే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194ఇ అని ఒక సెక్షన్ పెట్టారు. అంబులెన్స్, ఫైరింజన్ వస్తుంటే పక్కకి తప్పుకోకపోతే 10,000 రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బాగుంది. కానీ అందులో మాట "వస్తుంటే" అని. ఆగి ఉన్న బండి పక్కనుంచి ఎలా పోవాలో ఆ సెక్షన్‌లో లేదు. అమెరికాలో దీనికి వేరే చట్టమే ఉంది. 1996లో సౌత్ కరొలైనాలో మొదలై ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉంది. లైట్లు వేసుకొని ఆగిన ఎమర్జెన్సీ బండి కనిపిస్తే పక్క లేన్‌లోకి జరగాలి, వీలుకాకపోతే స్పీడు తగ్గించాలి.

మనకి పక్క లేన్ ఎక్కడిది అంటారు. నిజమే. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. అందుకే ఇది మనకి ఇంకా పెద్ద విషయం. టౌన్‌లో అంబులెన్స్ ఇంటి గుమ్మం దాకా వెళ్తది. మన దగ్గర డోలీయో, ఫీడర్ బైకో పేషెంట్‌ని రోడ్డుదాకా తెస్తే, అక్కడ పెద్దబండి ఎక్కిస్తారు. బీపీ చూసేది, సెలైన్ పెట్టేది, ఒక్కోసారి కాన్పు కూడా అక్కడే. అంటే మన క్యాజువాలిటీ వార్డు రోడ్డు అంచున మొదలవుతోంది. ఆ వార్డులోంచే మనం హారన్ కొట్టుకుంటూ పోతున్నాం.

"ముందు ఊరికి రోడ్డు వెయ్యమనండి, డోలీ ఎందుకుంటది" అని కొందరు అన్నలు అంటారు. ఒప్పుకుంటాం, దానికోసం ధర్నాలో మేమూ కూర్చున్నాం. కానీ రోడ్డు పడేదాకా ఆ ఈఎంటీ అన్న రోజూ రాత్రి ఆ మలుపులోనే నిలబడాలి కదా. "తప్పంతా వంజంగి మబ్బులు చూడ్డానికి వచ్చే టూరిస్టులది" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట సగం నిజం. లైటు దించరు, బండి ఆపి వీడియోలు తీస్తారు. మిగతా సగం మనది. ఆ జీపు మనోళ్లది. ముగ్గుర్ని ఎక్కించుకొని తెరిచిన తలుపుల పక్కనుంచి బైకు దూర్చేది మన తమ్ముళ్లే.

సెలవులయ్యాక స్టాండులో ఆ డ్రైవరు మావని కలిశాం. తిడతాడేమో అనుకున్నాం, తిట్టలేదు. "మంచులో మలుపులో గట్టిగా బ్రేకు కొడితే వెనకోడొచ్చి నన్ను గుద్దుతాడు, నేనెళ్లి 108ని గుద్దుతాను. అప్పుడేం చేస్తావురా?" అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే జవాబు జీపు నడిపేవాడి దగ్గర కన్నా జీపులో కూర్చున్నోళ్ల దగ్గరే ఎక్కువ ఉందనిపించింది. డోలీతో పదిమంది దిగుతారు. అందులో ఇద్దరు బండి దగ్గర కాకుండా, మలుపుకి అవతల ఒకరు, ఎదర ఒకరు సెల్ టార్చ్ పట్టుకొని నిలబడితే చాలు. వచ్చేవాడికి ముందే తెలుస్తది, మెల్లగా తగ్గించుకుంటాడు. డ్రైవరు లైటు దించి, హారన్ మానేసి, ఎదురుబండి పోయేదాకా వెనక ఆగి, తర్వాత నడక స్పీడులో దాటాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది ఘాట్ రూలే, కానీ స్ట్రెచర్ బయట ఉన్నప్పుడు ఆ హక్కు పట్టుకొని కూర్చోకూడదు. చూద్దామని ఎదురుపక్క బైకు ఆపడం అసలు వద్దు, ఉన్న కాస్త దారీ పోతది.

ఇంకో మాట. బండి ఆగితే వెనక రాళ్లు, కొమ్మలు పెట్టడం మనకి తెలుసు. బండి వెళ్లిపోయాక ఆ రాళ్లు తీసేవాడు ఎవడు? పొద్దున బైకోడు వాటి మీదే పడతాడు.

సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం పెద్దోళ్లలో ఇంకా ఉంది. యాక్సిడెంట్‌లో దెబ్బ తిన్నోళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదని అదే 2019 సవరణలో 134ఎ సెక్షన్ చెప్తోంది. పేరు చెప్పడం కూడా వాళ్ల ఇష్టమే. ఇంట్లో ఈ ముక్క చెప్పండి.

వచ్చే సెలవుల్లో మేం నలుగురం జీపు స్టాండులో డ్రైవర్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం అనుకుంటున్నాం. ఆ మావ కూడా వస్తానన్నాడు. మీ ఘాట్‌లో 108 పేషెంట్‌ని ఎక్కించుకోడానికి ఏ ఊరి దగ్గర, ఏ మలుపులో ఆగుతుందో కింద రాయండి. చెట్టు, కల్వర్టు, ఏదో ఒక గుర్తు చెప్పండి చాలు. ఆ జాబితా పట్టుకొనే వాళ్ల దగ్గరికి వెళ్తాం.