ఈసారి సంక్రాంతి టోర్నమెంట్‌లో పిల్లలకూ కోర్టు ఇద్దాం

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి.

సంక్రాంతి దగ్గరపడుతోంది. ఎప్పటిలాగే వాలీబాల్ టోర్నమెంట్‌కి చందాలు మొదలయ్యాయి. పోయినేడాది మేం నలుగురైదుగురం దగ్గరుండి జరిపించిన టోర్నమెంట్‌లో మూడు రోజులు, పొద్దున్నుంచి రాత్రి లైట్లు ఆపేదాకా, కోర్టు పెద్దోళ్ళదే. పిల్లలు ఏం చేశారు? బయటికి పోయిన బాల్ ఏరుకొచ్చి ఇచ్చారు. మంచినీళ్ళ బిందెలు మోశారు. సెమీఫైనల్లో లైన్ మీద పడ్డ బాల్ గురించి గొడవై అన్నలు ఒకళ్ళ కాలర్ ఒకళ్ళు పట్టుకుంటే, చుట్టూ నిలబడి అదీ చూశారు. ఆటల వల్ల పిల్లలు ఏం నేర్చుకుంటారని ఎవరైనా అడిగితే ముందు మేం ఈ సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు వాళ్ళు మా దగ్గర నేర్చుకున్నది అంపైర్‌ని ఎలా బెదిరించాలో. మర్నాడే ఇద్దరు ఆరో తరగతి పిల్లలు గోళీలాటలో అదే కాలర్ పట్టుడు పట్టుకున్నారు.

ఆటలంటే క్రమశిక్షణ అని ఊరికే అంటుంటాం గానీ, ఆట తనంతట తాను ఏదీ నేర్పదని మా అభిప్రాయం. ఎవరు ఆడిస్తున్నారు, ఎట్లా ఆడిస్తున్నారు, ఎవర్ని బయట కూర్చోబెడుతున్నారు, పిల్లలకు ఎక్కేది అదే. హాస్టల్లో లేటుగా లేచినందుకు గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించారు కదా మనల్ని, దాని వల్ల మనలో ఎంతమందికి పరుగు మీద ఇష్టం పుట్టింది? పైగా మన పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఉంటారు. నీళ్ళు తాగనివ్వకుండా ఎండలో పరిగెత్తిస్తే వాళ్ళకు ప్రాణం మీదికి వస్తది. ఆడించేవాళ్ళు ముందు ఆ పరీక్ష కార్డు చూడాలి, మధ్యమధ్యలో నీళ్ళు, నీడ ఇవ్వాలి. ఆడనివ్వొద్దు అని కాదు, చూసుకొని ఆడించాలి.

ఇంకో సంగతి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల బడిలో తెలుగు పుస్తకం ముందు కూర్చుంటే నోరు పెగలదు. సార్ అడిగితే లేచి నేల చూస్తది. గూడెం, తండా ఏదైనా గానీ, హాస్టల్లో చేరిన కొత్తలో మనమందరం అట్లా నిలబడ్డవాళ్ళమే. అదే పిల్ల వాలీబాల్ కోర్టులో బాల్ పైకి లేస్తే "నాదీ" అని అరుస్తది. అరవక తప్పదు మరి. అరవకపోతే ఇద్దరు గుద్దుకుంటారు, లేదంటే ఇద్దరూ చూస్తుండగానే బాల్ మధ్యలో పడిపోతది. పదిమంది ముందు గొంతెత్తి ఒకదాన్ని నాది అని చెప్పడం ఆ పిల్లకు అదే మొదటిసారి కావచ్చు. రేపు పోడు పట్టా గురించో, స్కాలర్‌షిప్ గురించో ఆఫీసులో అడగాల్సి వచ్చినప్పుడు ఆ గొంతు అక్కరకొస్తది.

ఇది మేం కల్పించి చెప్తున్నది కాదు. జైపాల్ సింగ్ ముండా పేరు మనకందరికీ తెలుసు, రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు ఆయన. అంతకుముందు 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. ఐసీఎస్ శిక్షణలో ఉండగా సెలవు ఇవ్వకపోయినా ఆడటానికి పోయాడు, తర్వాత ఆ ఉద్యోగమే వదిలేశాడు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు 29 గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వకుండా బంగారు పతకం తెచ్చింది. ఫైనల్లో ఆయన ఆడలేదు, అదో వేరే కథ. తెల్లోళ్ళ రాజ్యంలో పదకొండు మందిని నడిపించిన మనిషికి సభలో లేచి మాట్లాడటానికి బెరుకు ఎందుకు ఉంటది?

కబడ్డీ సంగతి చూడండి. అవుటైనవాడు బయట కూర్చుంటాడు. జట్టులో ఇంకొకడు పాయింట్ తెస్తే, ముందు అవుటైనవాడు ముందు లోపలికొస్తాడు. పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోయిందని చదువే ఆపేసి మిర్చి కోతలకు పోయిన తమ్ముళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. సప్లిమెంటరీ రాద్దాం రా అని పిలిచేవాడు లేక ఆగిపోయారు. కబడ్డీ ఆడితే పాసవుతారని అనటం లేదు. అవుటైనవాణ్ణి లోపలికి తెచ్చే పని మిగతావాళ్ళదని ఆ ఆటలో రూలే ఉంది, బడిలో అట్లాంటి రూలు లేదు.

ఇక ఆడపిల్లలు. ఐదో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా ఖోఖో ఆడతారు. పెద్దమనిషి అయ్యాక గట్టున నిలబడి చూస్తారు. ఎవరూ వద్దని చెప్పరు, అట్లా జరిగిపోతది అంతే. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా 14 నిండలేదు, గురుకులంలో చదువుతోంది. మొదలుపెట్టింది భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడంతోనే. నిజామాబాద్ జిల్లా నుంచే వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. ఈ ఇద్దరి ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకుంటాం. మన చెల్లెలు సాయంత్రం బాల్ పట్టుకుంటే మాత్రం అన్నం ఎవరు వండుతారని అడుగుతాం.

స్కూళ్ళ గురించి కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాన్లు ఉండాలని రాసి ఉంది. మన దగ్గర ఆటల పీరియడ్ పదో తరగతి రివిజన్‌కి పోతది, బాల్స్ బీరువాలో ఉంటాయి, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. తాళం తీయమని అడగడం మన పనే. అయితే అడిగేముందు మన కోర్టులో పిల్లలకు చోటిచ్చామా అని వాళ్ళు తిరిగి అడిగితే ఏం చెప్తాం?

అందుకే మేం అనుకుంటున్నది ఇది. మొదటి రోజు మొత్తం 14 ఏళ్ళ లోపు పిల్లలకు ఇద్దాం. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగా మ్యాచ్‌లు. వాళ్ళ దగ్గర ఎంట్రీ ఫీజు వద్దు. ఫస్ట్ ప్రైజు డబ్బులో కొంత తగ్గించి ఆ డబ్బుతో బాల్స్ కొని, పండగయ్యాక ఏ గూడేనికి ఆ గూడెంలోనే వదిలేద్దాం. అమ్మాయిల మ్యాచ్‌లకు మన అక్కల్లోనే ఎవరైనా విజిల్ పట్టాలి. మందు తాగి కోర్టు దగ్గరికి వచ్చినవాళ్ళ టీమ్, ఎంత పెద్ద టీమ్ అయినా, అక్కడితో అవుట్. పందేలు కూడా బంద్. ప్రైజు తగ్గితే బయట మండలాల టీమ్‌లు రావని కొందరు అన్నలు ఇప్పటికే అంటున్నారు. ఒకటి రెండు రాకపోవచ్చు. మాకైతే అది పెద్ద నష్టం అనిపించట్లేదు, మీరేమంటారో ఆదివారం మీటింగ్‌లో మొహం మీదే చెప్పండి.

ఇంకో చిన్న పని ఉంది. మగవాళ్ళ నెట్టు 2.43 మీటర్ల ఎత్తు, పిల్లలకు అందదు. తక్కువ ఎత్తులో ఇంకో నెట్టు కట్టాలంటే రెండు గుంజలు కావాలి. ఎవరి ఇంటి దగ్గరైనా గట్టి వెదురు ఉంటే కింద రాయండి, బండేసుకొని వస్తాం.