వెలుగు సాక్ష్యం

రంగును బట్టి లెక్క తేల్చడం మా కొత్తవాడవాళ్ళకు కొత్త విద్య కాదు. జంపఖానాలకు నూలు అద్దేవాళ్ళు చిలపను తొట్టిలోంచి తీసి, వెలుతురులో పట్టి చూసి, "ఇంకోసారి ముంచాలె" అంటారు. నూలు యెంత రంగు పీల్చిందో తూచి చూసినవాళ్ళెవరూ లేరు. కన్ను చెబుతుంది, అంతే.

శాస్త్రజ్ఞులు చేసే పనీ యిటువంటిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. రక్తంలో కరిగివున్న భాస్వరం కంటికి కనబడదు. దానికి తగిన రసాయనాలు కలిపితే నీలిరంగు పుడుతుంది. భాస్వరం యెంత యెక్కువైతే నీలం అంత చిక్కన. తెలిసిన నీలాన్ని పక్కన పెట్టి పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. తరువాత ఆయన ఆధ్వర్యాన లెడర్లీ సంస్థలో సాగిన పరిశోధనల్లో పుట్టిన అమినోప్టెరిన్ మందుతోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తపు కాన్సరును కొంతకాలమైనా అణచగలిగాడు. మందు సంగతి చాలామందికి తెలుసు. నీలం సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఆ కాన్సరు జాడనే వెలుగుతో పట్టుకునే పరికరాలు తయారవుతున్నాయి. వాటి మర్మం ఏమంత జటిలం కాదు. కాన్సరు సోకిన భాగంనుంచి కొన్ని మాంసకృత్తులు రక్తంలోకి వస్తాయి. ఒక్కొక్కదాన్ని యేరి పట్టుకునే ప్రతిరక్షకాలు వున్నాయి. తాళానికి తన చెవి యెట్లాగో, దీనికి అది అట్లాగ. వెంట్రుక మందంలో వెయ్యోవంతుకన్నా పలచని బంగారు పొరమీద ఆ ప్రతిరక్షకాలను అంటించి, కిందినుంచి పట్టకం గుండా వెలుగు ప్రసరింపజేస్తారు. ఒకానొక కోణంలో, తిరిగివచ్చే వెలుగు మసకబారుతుంది. పైన మాంసకృత్తు వచ్చి అతుక్కుంటే ఆ కోణం కాస్త జరుగుతుంది. ఆ కాస్త జరుగుబాటే మనకు కబురు. ఈ బంగారు పొర కిటుకును స్వీడన్ శాస్త్రజ్ఞులు 1983లో జీవపదార్థాలకు వాడి చూపించారు.

ఇదంతా యెక్కడో జరిగే వింత అనుకోనక్కరలేదు. గర్భం నిలిచిందో లేదో చూసుకునేందుకు మందుల దుకాణంలో అమ్మే పట్టీలు చాలామంది ఇళ్ళలో యెరిగినవే. వాటిలో తేలే యెర్రగీత చాలావరకు కంటికానని బంగారు రేణువుల రంగే. మరొక విశేషం: ఆ పట్టీ పట్టుకునే హార్మోనే మాయకు సంబంధించిన ఒక అరుదైన కాన్సరులో కూడా హెచ్చుగా కనిపిస్తుంది. పుట్టపర్తిలోని సత్యసాయి విశ్వవిద్యాలయంలో సాయి సతీష్ రామమూర్తిగారి బృందం, నలుదిక్కులా చెదిరిపోయే మిణుకు వెలుగును పలచని లోహపు పొరలతో ఒక్క దిక్కుకు మళ్ళించి, కొద్దిపాటి పదార్థాన్నయినా గుర్తించే మార్గాలపై పనిచేస్తున్నది.

మరి చిక్కెక్కడ వున్నది? లెక్క చూడండి. లీటరు రక్తద్రవంలో మాంసకృత్తులు సుమారు 70 గ్రాములు. మగవారి ప్రోస్టేటు గ్రంథి జాడ చెప్పే పి.ఎస్.ఏ. అనేది లీటరుకు గ్రాములో పదిలక్షలోవంతులు నాలుగు దాటితే వైద్యులు అనుమానించడం పరిపాటి. అంటే బరువు లెక్కన కోటీ డెబ్భై అయిదు లక్షల వంతుల్లో ఒక్క వంతు! తక్కినవన్నీ వచ్చి బంగారు పొరకు అతుక్కోకుండా చూడడమే పెద్ద పని.

మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి అడిగింది: "సారూ, ఒక్క సుక్క నెత్తురు తీసి కాన్సరు ఉన్నదీ లేనిదీ చెప్తరట గద. నేను చేయించుకోవాల్నా?"

తెలుగు పాఠాలు చెప్పుకునే నేను వైద్యుణ్ణి కాను. అయినా యిటువంటి పరీక్షను గురించి యెరిగివుండవలసిన మాట ఒకటున్నది. వెలుగు సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. ముసలితనంలో ప్రోస్టేటు ఊరికే ఉబ్బినా పి.ఎస్.ఏ. పెరుగుతుంది. అండాశయపు కాన్సరుకు జాడగా చూసే సి.ఏ. 125 గర్భవతులలోను, బహిష్టు రోజులలోను కూడా పెరగవచ్చు. అంకె పెరిగిందని గుండె చెదరగొట్టుకోవడమూ తప్పే, పెరగలేదు గదా అని చేతికి తగిలే గడ్డను దాచుకోవడమూ తప్పే. తీర్పు చెప్పేది, అనుమానమున్నచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష.

అందాకా మనకు దిక్కులేదా? వున్నది. వెనిగరులో వుండే ఆమ్లాన్నే పలచన చేసి గర్భాశయ ముఖద్వారానికి రాస్తే, తేడా వున్నచోట తెల్లని మచ్చ తేలుతుంది. మంచి దీపపు వెలుతురులో కంటితో చూడవచ్చు. ముంబయి మురికివాడల్లో 1998లో మొదలుపెట్టి, సుమారు లక్షన్నరమంది స్త్రీలలో సగంమందికి, పదోతరగతి చదివి తర్ఫీదు పొందిన ఆడవాళ్ళచేతనే యీ పరీక్ష చేయించారు. తక్కినవారితో పోలిస్తే ఆ కాన్సరుతో మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రకటించారు.

అక్కడ బంగారు పొరా లేదు, పట్టకమూ లేదు. పిలిచినప్పుడు స్త్రీలు వచ్చారు, చూడడం నేర్చినవాళ్ళు చూశారు, అవసరమైనవారికి వైద్యం అందింది. రేపు యెంత సూక్ష్మమైన పరికరం వచ్చినా దానికీ యీ మూడూ కావలసిందే.

ముప్ఫయి యేళ్ళు నిండినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలన్నది మన ప్రభుత్వ కార్యక్రమమే. ఇంట్లో అందరికీ వండి వడ్డించి తమ సంగతి ఆఖరున చూసుకునే తల్లులూ, అక్కలూ యీ ఒక్క విషయంలో మాత్రం ముందు కదలాలి. వాళ్ళు కదలకపోతే కదిలించవలసినవాళ్ళు ఇంట్లోని మగవాళ్ళు.